ఇళ్ల మధ్య స్టేడియం: లెక్కలన్నీ పక్కింటి కిటికీ దగ్గరే

వందేళ్ల నాటి స్టేడియాల్లో చాలావాటి పుట్టుక ఒకేలా ఉంటుంది. ఊరి చివర చౌకగా దొరికిన నేల, నడిచి వెళ్లేంత దూరంలో రైల్వే స్టేషను, ఒక వైపు చెక్క గ్యాలరీ. తర్వాత ఊరు పెరిగి వచ్చి మైదానాన్ని చుట్టేసింది. ఇంగ్లండ్‌లో లూటన్ జట్టు ఆడే కెనిల్‌వర్త్ రోడ్డు స్టేడియంలో, అవతలి జట్టు అభిమానులు వెళ్లే దారి వరస ఇళ్ల పై అంతస్తు కిందుగా పోతుంది. మెట్లెక్కుతుంటే పక్కవాళ్ల పెరళ్లు కనిపిస్తాయి. లివర్‌పూల్‌లోని గుడిసన్ పార్కుకు ఒక మూల చర్చి, చుట్టూ వరస ఇళ్లు. బ్యూనస్ ఐరిస్‌లో బోకా జూనియర్స్ స్టేడియం మూడు వైపులా నిలువుగా లేచి, నాలుగో వైపు పలకలా చదునుగా ఆగిపోతుంది. ఆ వైపు స్థలం లేదు, వీధి దాటితే ఇళ్లే.

ఇలాంటి స్టేడియాన్ని పెద్దది చేస్తామన్న ప్రకటన వచ్చినప్పుడల్లా అభిమానులు అడిగేది ఒకటే: ఇంకో పది వేల సీట్లు పెంచడానికి ఇన్నేళ్లెందుకు? సీట్లు పెంచడం నిజానికి అందులో సులువైన పని. స్టేడియంలో పుట్టే ఎత్తు, నీడ, జనం, శబ్దం, కంపనం, వాననీరు అన్నీ కాంపౌండు గోడ దాటి బయటికి వస్తాయి. గోడ అవతల భరించగలిగేది ఎంతో ముందు తేలాలి, సీట్ల సంఖ్య దాని తర్వాత రావాలి. చాలా ప్రాజెక్టుల్లో ఇది తలకిందులుగా జరుగుతుంది. ముందు 60 వేలని ప్రకటిస్తారు, ఆ తర్వాత వీధి వెడల్పు కొలుస్తారు.

అసలు పెంచాల్సిన అవసరం ఎందుకొచ్చిందో కూడా చూడాలి. 1989లో ఇంగ్లండ్‌లోని హిల్స్‌బరో స్టేడియంలో జరిగిన తొక్కిసలాట 97 మంది ప్రాణాలు తీసింది. దానిపై 1990లో వచ్చిన టేలర్ నివేదికతో ఇంగ్లండ్‌లో పెద్ద క్లబ్బులన్నీ నిలబడి చూసే గ్యాలరీలు తీసేసి సీట్లు వేయాల్సి వచ్చింది. మనిషి నిలబడే చోటు కంటే కూర్చునే చోటు ఎక్కువ జాగా తింటుంది. 1935లో ఒక మ్యాచ్‌కి 73,295 మంది వచ్చిన ఆర్సెనల్ వారి హైబరీలో సీట్లు వేశాక పట్టింది 38 వేలు. పెంచుదామంటే తూర్పు స్టాండ్ వారసత్వ కట్టడం, చుట్టూ ఇళ్లు. చివరికి క్లబ్ 2006లో దగ్గర్లోనే 60 వేల సీట్ల కొత్త స్టేడియానికి మారింది. హైబరీ స్టాండ్లు ఫ్లాట్లయ్యాయి, ఆట స్థలం ఆ ఫ్లాట్ల మధ్య తోటయింది.

పైకి లేపితే సరిపోదా?

పక్కన స్థలం లేకపోతే పైకి కట్టుకోవచ్చు కదా అనిపిస్తుంది. స్టేడియానికి ఆ వెసులుబాటు తక్కువ. దానికి కారణం చూపు గీత.

వెనక వరసలో కూర్చున్న మనిషి కంటి నుంచి మైదానం అంచుకు ఒక గీత గీయండి. ఆ గీత ముందు వరస మనిషి కంటికి ఎంత పైనుంచి పోతుందో, ఆ నిలువు దూరాన్ని సీ విలువ అంటారు. 120 మిల్లీమీటర్లుంటే హాయిగా కనిపిస్తుంది. 90 మంచిది, 60 కనీసం. అంతకంటే తగ్గితే మెడ అటూ ఇటూ తిప్పాలి, లేదా లేచి నిలబడాలి. ముందువాడు నిలబడితే వెనకున్న ముప్ఫై వరసలూ నిలబడతాయి.

ఇప్పుడు ఒక వరస లెక్క చూద్దాం. ముందు మనిషి కన్ను మైదానం అంచుకు 20 మీటర్ల దూరంలో, 8 మీటర్ల ఎత్తున ఉందనుకోండి. ఒక్కో మెట్టు లోతు 0.8 మీటరు, కావాల్సిన సీ విలువ 90 మి.మీ. కంటి ఎత్తుకు సీ విలువ కలపండి: 8.09. దాన్ని 20.8తో గుణించి 20తో భాగిస్తే 8.41. అందులోంచి 8 తీసేస్తే మెట్టు ఎత్తు సుమారు 0.41 మీటరు, వాలు 27 డిగ్రీలు. ఇబ్బంది లేదు. ఇదే లెక్క పై అంతస్తుకు వేయండి. కన్ను 35 మీటర్ల దూరంలో, 22 మీటర్ల ఎత్తున ఉంది. మెట్టు ఎత్తు 0.6 మీటరు దాకా వస్తుంది, వాలు 36 డిగ్రీలు దాటుతుంది. బ్రిటన్‌లో స్టేడియాల భద్రతకు ప్రామాణికంగా వాడే గ్రీన్ గైడ్ 34 డిగ్రీలు దాటొద్దంటుంది. సీ విలువ 60కి దించినా వాలు 35 దగ్గరే ఆగుతుంది.

దారులు రెండే. పై అంతస్తును కిందికి దించాలి, లేదా వెనక్కి జరపాలి. కిందికి దించితే మధ్యలోని ఖరీదైన టికెట్ల బాక్సులు, భోజనశాలలు పోతాయి. ప్రాజెక్టు ఖర్చు తిరిగి రాబట్టేది అవే కాబట్టి యజమాని ఒప్పుకోడు. వెనక్కి జరిపితే వీధి వస్తుంది. దీనికి తోడు పాత స్టాండ్లలో వరస లోతు 0.68 మీటరు, ఇంకా తక్కువ కూడా ఉంటుంది, మోకాళ్లు ముందు సీటుకు తగులుతాయి. దాన్ని 0.8కి పెంచితే 30 వరసలకు 3.6 మీటర్లు అదనం. ఒక్క సీటు కూడా పెరగకుండానే స్టాండ్ ఒక కారు పొడవంత వెనక్కి పోయింది. స్థలం ఉన్నంతలో సరిపెట్టాలంటే మిగిలేది మైదానాన్నే కిందికి దించడం. మాంచెస్టర్‌లో 2002 కామన్వెల్త్ క్రీడల తర్వాత అథ్లెటిక్స్ ట్రాక్ తీసేసి సుమారు 6 మీటర్లు తవ్వి కింద ఇంకో వరసల అంతస్తు వేశారు. ఇళ్ల మధ్య ఆ తవ్వకం తెచ్చే తంటాలు కాసేపట్లో.

కిటికీలోంచి కొలిచే ఎత్తు

పక్కింటివాళ్లకు సీ విలువతో పనిలేదు. వాళ్లకు కావాల్సింది ఆకాశం. వెలుతురు విషయంలో నిపుణులు మొదట చేసే పరీక్ష చాలా తేలిక. కింది అంతస్తు కిటికీ మధ్య నుంచి 25 డిగ్రీల కోణంలో గీత గీస్తారు. ఎదురుగా వచ్చే కట్టడం ఆ గీత కిందే ఉంటే గదిలో వెలుతురుకు ఢోకా లేదు. పైకి పొడుచుకొస్తే వివరమైన లెక్కలు వేయాలి.

కిటికీ మధ్య భాగం నేల నుంచి 1.6 మీటర్ల ఎత్తున, స్టాండ్ వెనక గోడ 20 మీటర్ల దూరంలో ఉంటే, ఆ గీత కింద పట్టే ఎత్తు 11 మీటర్ల లోపే. రెండంతస్తుల ఆధునిక స్టాండ్ పైకప్పుతో కలిపి 40 మీటర్లు లేస్తుంది. అంత ఎత్తు ఈ పరీక్షలో నెగ్గాలంటే ఇల్లు 82 మీటర్ల దూరంలో ఉండాలి. ఇళ్ల మధ్య స్టేడియంలో అది జరిగే పని కాదు. అందుకే పైకప్పును వెనక అంచు వైపు వంచి దించడం, వెలుతురు దిగే పాలీకార్బొనేట్ రేకు వాడటం లాంటివి చేస్తారు.

ఈ రాజీ కళ్లకు కట్టినట్టు కనిపించేది డబ్లిన్‌లోని అవీవా స్టేడియంలో. పాత ల్యాన్స్‌డౌన్ రోడ్డు మైదానాన్ని 2007లో పడగొట్టి అదే స్థలంలో 2010లో తెరిచారు. మూడు వైపులా స్టాండ్లు అంతస్తులుగా లేచి, ఉత్తరం వైపు వచ్చేసరికి గిన్నె అంచు విరిగినట్టు ఒక్క అంతస్తుకు పడిపోతాయి. అటు పక్క చిన్న ఇళ్ల వరస ఉంది. 51,700 సీట్ల స్టేడియంలో ఒక గోల్ వెనకాల అభిమానుల గోడ లేదు. చూసినవాళ్లు ఇది డిజైన్ లోపం అనుకుంటారు. స్టేడియం కట్టగలిగారంటే కారణం ఆ లోపమే.

వెలుతురు కేవలం మర్యాద విషయం కాదు, కొన్ని దేశాల్లో ఆస్తి హక్కు. ఇంగ్లండ్‌లో 1832 నాటి చట్టం ప్రకారం ఒక కిటికీ 20 ఏళ్లు అడ్డు లేకుండా వెలుతురు అందుకుంటే ఆ వెలుతురుపై హక్కు వస్తుంది. ప్లానింగ్ అనుమతి వచ్చినా ఈ హక్కు పోదు. ఈ రెండూ వేరని తెలియక బోర్లాపడ్డవాళ్లు చాలామంది. లండన్‌లో చెల్సీ క్లబ్ తన స్టాంఫర్డ్ బ్రిడ్జి స్టేడియాన్ని 60 వేల సీట్లకు పెంచే పథకానికి 2017 జనవరిలో స్థానిక కౌన్సిల్ అనుమతి ఇచ్చింది. పక్కనున్న ఒక ఇంటి కుటుంబం తమ వెలుతురు పోతుందని కోర్టు నుంచి నిలుపుదల ఉత్తర్వు తెచ్చుకుంది. 2018 మొదట్లో కౌన్సిల్ 2016 చట్టంలోని ఒక సెక్షన్ వాడి ఆ ఉత్తర్వును పరిహారంగా మార్చే దారి చూసింది. అయినా కొన్ని నెలలకే, ఇతర కారణాలు కూడా తోడై, క్లబ్ పథకాన్ని పక్కన పెట్టింది. అనుమతి గడువు 2020లో తీరిపోయింది. అంత పెద్ద పథకానికి ఒక్క ఇంటి కిటికీ ఎదురు నిలబడగలదని ముందే ఊహించి, అనుమతి దరఖాస్తుకు ముందే ఆ ఇళ్లవాళ్లతో బేరం ముగించుకోవాల్సింది.

ఇళ్లు కొనేటప్పుడు జరిగే నష్టం

స్థలం కోసం ఇళ్లు కొనడం మొదలుపెడితే మొదటి ఇల్లు మామూలు ధరకు వస్తుంది, చివరి ఇల్లు అసలు రాదు. 1980లలో లివర్‌పూల్ క్లబ్ తన ఆన్‌ఫీల్డ్ స్టేడియంలో కెమ్లిన్ రోడ్డు వైపు స్టాండ్ పెంచడానికి వీధిలోని ఇళ్లు కొనుక్కుంటూ వచ్చింది. ఇద్దరు అక్కచెల్లెళ్లు తమ ఇల్లు అమ్మేది లేదన్నారు. వీధి మొత్తం పోయినా ఆ ఇల్లు చాన్నాళ్లు నిలిచింది. రెండో అంతస్తు తెరిచేసరికి 1992 వచ్చింది.

కనిపించని నష్టం ఇంకొకటి. అన్నీ కొనేదాకా కొన్న ఇళ్లను ఖాళీగా ఉంచుతారు. కిటికీలకు రేకులు కొడతారు. నాలుగు ఇళ్లకు రేకులు పడితే అయిదో ఇంటి ధర పడిపోతుంది, బ్యాంకు అప్పు ఇవ్వదు, ఉన్నవాళ్లు వెళ్లిపోవాలనుకున్నా కొనేవాడు స్టేడియం తప్ప ఇంకొకడు ఉండడు. ఆన్‌ఫీల్డ్ చుట్టుపక్కల వీధులు ఏళ్ల తరబడి ఇలాగే కునారిల్లాయి. పథకం కాగితం మీదే ఉండగా ఒక పేట చితికిపోవడం అంటే ఇదే. దీనికి విరుగుడు తెలిసిందే: హద్దు గీసి ఒకేసారి ప్రకటించడం, పథకం మాట పుట్టకముందున్న ధరను ఆధారంగా తీసుకోవడం, కొన్న ఇంటిని పని మొదలయ్యేదాకా అద్దెకివ్వడం. మూడోది ఖర్చులేని పని, అయినా సులువుగా వదిలేసేది కూడా అదే.

బలవంతపు సేకరణ చివరి ఆయుధం. అది ఉందిలే అన్న ధీమాతో కాలపట్టిక వేస్తే దెబ్బ తగులుతుంది. లండన్ క్లబ్ టోటెన్‌హామ్ కొత్త స్టేడియం స్థలంలో ఉన్న లోహపు రేకుల సంస్థ ఒకటి సేకరణ ఉత్తర్వుపై హైకోర్టుకు వెళ్లి 2015లో ఓడిపోయింది. కోర్టులో గెలిచినా పోయిన నెలలు తిరిగి రావు.

ఎనిమిది నిమిషాలు, ఇరవై నాలుగు నిమిషాలు

ఇళ్ల మధ్య స్టేడియంలో నిజంగా భయపడాల్సిన లెక్క ఇది. ప్రకటనల్లో దీని ఊసు ఉండదు.

గ్రీన్ గైడ్ లెక్కలో చదును నేల మీద మీటరు వెడల్పు దారిలో నిమిషానికి 82 మంది, మెట్ల మీద 66 మంది దాటగలరు. మామూలు రోజున స్టాండ్ ఖాళీ కావడానికి ఎక్కువలో ఎక్కువ 8 నిమిషాలు. 12 వేల సీట్ల కొత్త స్టాండ్‌కు చదును దారులైతే మొత్తం 18.3 మీటర్ల వెడల్పు, మెట్లయితే 22.7 మీటర్లు కావాలి. ఒక్కో టర్న్‌స్టైల్ గేటులో గంటకు 660 మందికి మించి లెక్క వేయకూడదు కాబట్టి, గంటలో అందరూ లోపలికి రావాలంటే 19 గేట్లు. ఆర్కిటెక్టు ఇవన్నీ చక్కగా అమరుస్తాడు. స్టాండ్ 8 నిమిషాల్లో ఖాళీ అవుతుంది.

అక్కడి నుంచి జనం ఎక్కడికి పోవాలి? గేటు ఎదురుగా ఉన్నది గోడకు గోడ 6 మీటర్ల వీధి. ఆగిన కార్లు, చెత్త డబ్బాలు, కరెంటు స్తంభాలు ఏవీ లేవనే అనుకుందాం. నిమిషానికి 492 మంది. 12 వేల మందికి 24 నిమిషాలు. స్టాండ్ ఖాళీ అయిన క్షణాన వీధి దాటినవాళ్లు నాలుగు వేల లోపు, గేట్లకూ వీధి మొదలుకూ మధ్య చిక్కుకున్నవాళ్లు 8 వేల పైచిలుకు. చదరపు మీటరుకు ఇద్దరు చొప్పున నిలబడాలన్నా 4 వేల చదరపు మీటర్ల ఖాళీ జాగా కావాలి. ఆ జాగా లేకపోతే చదరపు మీటరుకు ముగ్గురు, నలుగురు, అయిదుగురు అవుతారు. అయిదు దాటాక మనిషి తన కాళ్ల మీద తాను నిలబడటం మానేస్తాడు, గుంపు ఎటు ఊగితే అటు పోతాడు.

అందుకే కొత్త స్టాండ్ కంటే దాని ముందు వదిలే ఖాళీ జాగా ముఖ్యం. స్థలం లేదంటే గేట్లను రెండు మూడు వేర్వేరు వీధులకు తెరవాలి, లేదా స్టాండ్ కింది అంతస్తును ఖాళీగా వదిలి జనాన్ని అందులోనే ఆపాలి. మ్యాచ్ అయ్యాక లోపల దుకాణాలు తెరిచి ఉంచి, తెర మీద విశేషాలు చూపించి, కొందరిని కూర్చోబెట్టడం కూడా అందుకే. చూడటానికి వ్యాపారంలా ఉంటుంది గానీ ఆ అరగంట వీధికి ఊపిరి. అంబులెన్సు దారి మాత్రం జనం దారితో కలవకూడదు. ఆరోజు ఆ వీధిలో ముసలాయనకు గుండెపోటు వస్తే బండి ఇంటి ముందుకు రావాలి. ఈ ఒక్క ప్రశ్నతో ఎన్నో డ్రాయింగులు వెనక్కి వెళ్తాయి, వెళ్లాలి కూడా.

పార్కింగ్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. ఇళ్ల మధ్య పార్కింగ్ కట్టొద్దు. కడితే కార్లు వస్తాయి. నడిచే దూరంలో రైలు సామర్థ్యం ఉందో లేదో చూసుకుని, మ్యాచ్ రోజున వీధుల్లో నివాసులకు మాత్రమే పార్కింగ్ పర్మిట్లు ఇవ్వాలి. ఆ పర్మిట్ల ఖర్చు క్లబ్ కట్టాలి, ఇంటివాళ్లు కాదు.

తవ్వకం, పైలింగ్, క్రేన్

మైదానాన్ని కిందికి దించుదాం అన్న మాటకు తిరిగి వద్దాం. ఫుట్‌బాల్ మైదానం, చుట్టూ అంచులు కలిపి 125 మీటర్ల పొడవు, 85 మీటర్ల వెడల్పు అనుకుంటే, 3 మీటర్లు దించడానికి దాదాపు 32 వేల ఘనపు మీటర్ల మట్టి తీయాలి. తవ్విన మట్టి పొంగుతుంది, నాలుగో వంతు పెరిగి 40 వేలు అవుతుంది. టిప్పర్‌కు 12 ఘనపు మీటర్ల చొప్పున 3,300 లోడ్లు. ఖాళీగా వచ్చేవి కూడా కలిపితే ఆ వీధిలో 6,600 సార్లు లారీ తిరగాలి. రోజుకు 60 లోడ్లంటే 55 పనిరోజులు, ఉదయం నుంచి సాయంత్రం దాకా అయిదు నిమిషాలకో లారీ. బడి వదిలే వేళ ఆపాలి, టైర్లు కడిగే తొట్టి గేటు దగ్గర పెట్టాలి, వరసలో నిలబడే లారీలకు పేట బయట ఎక్కడో చోటు చూడాలి. ఇవన్నీ కలిపితే 55 రోజులు 80 అవుతాయి.

మట్టి కంటే మోసం చేసేది నీరు. గుంత అడుగున ఊరే నీటిని పంపులతో తోడుతుంటే చుట్టుపక్కల భూగర్భ నీటిమట్టం దిగుతుంది. బంకమట్టి నేలలో పాత ఇళ్ల పునాదులు లోతు తక్కువ, కింద మట్టి కుంచించుకుంటే ఇల్లు ఒక మూల కుంగుతుంది. గుంత చుట్టూ ఒకదానికొకటి కోసుకుంటూ పోయే కాంక్రీటు పైల్స్‌తో (నేలలోకి దించే స్తంభాలతో) నీరు చొరని గోడ కట్టాకే తవ్వాలి. ఖర్చు తగ్గించాలని మధ్య మధ్య సందులు వదిలే పైల్స్ గోడతో సరిపెడితే ఆ మిగిలిన డబ్బు పగుళ్ల దావాల్లో పోతుంది.

ఇక కంపనం. పైల్‌ను సుత్తితో దిగగొట్టే పద్ధతి ఇళ్ల మధ్య వాడకూడదు. బోరు వేసి కాంక్రీటు నింపే పద్ధతి, లేదా హైడ్రాలిక్ బలంతో నొక్కి దించే పద్ధతి వాడాలి. ఇంట్లో ఉన్న మనిషికి సెకనుకు 0.3 మి.మీ. కంపన వేగం దగ్గరే తెలిసిపోతుంది. 1 మి.మీ. దగ్గర ఫిర్యాదులు మొదలవుతాయి. ఇళ్లకు జర్మన్ ప్రమాణం పెట్టిన తక్కువ పౌనఃపున్యపు హద్దు 5 మి.మీ., సున్నితమైన పాత కట్టడాలకు 3. మనిషికి ఇబ్బంది కలిగే చోటుకూ గోడకు దెబ్బ తగిలే చోటుకూ మధ్య చాలా దూరం ఉందన్నమాట. గొడవలన్నీ ఈ దూరంలోనే పుడతాయి. ఇంజినీరు మీటరు చూసి 'ఏం కాదు' అంటాడు, ఇంటావిడ అల్మారాలో గాజుగిన్నెలు గలగలలాడటం విని గోడ చూస్తుంది, అక్కడ పగులు కనిపిస్తుంది. ఆ పగులు పదేళ్ల నాటిదై ఉండొచ్చు, ఆవిడ గోడను అంత పరీక్షగా చూడటం అదే మొదటిసారి.

అందుకే పని మొదలు కాకముందే ప్రతి ఇంటి లోపలా బయటా ఫొటోలు తీసి, ఉన్న పగుళ్లను వెడల్పుతో సహా రాసి, ఒక కాపీ ఇంటివాళ్లకు ఇచ్చి సంతకాలు తీసుకోవాలి. పెద్ద పగుళ్లకు అడ్డంగా గీతలున్న ప్లాస్టిక్ గేజీ అతికిస్తే కదలిక మిల్లీమీటర్లలో కనిపిస్తుంది. కంపన మీటరు రీడింగులు రోజూ వీధి మొగలో పెట్టాలి. దాచినకొద్దీ అనుమానం పెరుగుతుంది.

క్రేన్ సంగతి చాలామందికి తట్టదు. టవర్ క్రేన్ చెయ్యి బరువు లేకుండా తిరిగినా, అది ఇంటి పైనుంచి పోతే ఆ గగనతలం ఇంటివాళ్లది, అనుమతి కావాలి. రాత్రిళ్లు గాలికి క్రేన్ చెయ్యిని స్వేచ్ఛగా తిరగనివ్వాలి కాబట్టి 'మేం అటు తిప్పం' అని మాట ఇవ్వడం కుదరదు. అందుకే ఇళ్ల మధ్య చెయ్యి పైకి మడిచే రకం క్రేన్లు వాడతారు.

ఇన్నిటి మధ్య జట్టు అక్కడే ఆడాలంటే ఇంకో చిక్కు. ఆన్‌ఫీల్డ్ ప్రధాన స్టాండ్‌ను పాత స్టాండ్ వాడకంలో ఉండగానే దాని వెనక లేపారు. 140 మీటర్ల పొడవు, 650 టన్నుల బరువున్న పైకప్పును మోసే ఉక్కు చట్రాన్ని (ట్రస్) నేల మీద కూర్చి ఎత్తారు, సీజన్ల మధ్య వేసవిలో పాతదాన్ని కొత్తదానితో కలిపి 2016లో తెరిచారు. ప్రతిసారీ ఇంత సాఫీగా సాగదు. అదే స్టేడియంలో మరో వైపు 7 వేల సీట్ల విస్తరణ జరుగుతుండగా 2023లో ప్రధాన కాంట్రాక్టు సంస్థ దివాలా తీసింది. సీజన్ మొదలయ్యేటప్పటికి తెరవాల్సిన పై అంతస్తు డిసెంబరు నుంచి విడతలుగా తెరుచుకుంది. షికాగోలోని బేస్‌బాల్ మైదానం రిగ్లీ ఫీల్డ్‌లో ఆట లేని శీతాకాలాల్లోనే పని చేస్తూ అయిదేళ్లు లాగారు. 2015 సీజన్ మొదటి రాత్రికి బయటి గ్యాలరీలు సిద్ధం కాలేదు, మరుగుదొడ్లు చాలక క్యూలు కట్టి క్లబ్ క్షమాపణ చెప్పాల్సి వచ్చింది. టోటెన్‌హామ్ 2018 సెప్టెంబరులో తెరవాల్సింది, భద్రతా వ్యవస్థల్లో లోపాలు బయటపడి 2019 ఏప్రిల్‌కు పోయింది. కాంక్రీటు, ఉక్కు ఆలస్యమైతే కంటికి కనిపిస్తుంది. ఆలస్యం చివర్లో వైరింగు, అగ్నిమాపక అలారాల దగ్గర దాక్కుని ఉంటుంది.

మ్యాచ్ కంటే కచేరీతోనే తగువు

ఆట రోజుల శబ్దానికి చుట్టుపక్కలవాళ్లు ఎలాగో అలవాటుపడతారు. ముందే తెలిసిన తేదీ, రెండు గంటలు, గోల్ పడితే ఒక్క అరుపు. కొత్త స్టేడియం అప్పు తీరాలంటే కచేరీలు కావాలి, తగువు అక్కడ మొదలవుతుంది. జనం అరుపు ఎక్కువగా మధ్య పౌనఃపున్యాల్లో ఉంటుంది, గోడలు ఆపుతాయి. కచేరీలో 63, 125 హెర్ట్‌జ్ దగ్గర ఉండే డ్రమ్ము దెబ్బను ఇటుక గోడ, రెండు పొరల అద్దం సరిగా ఆపలేవు. మొత్తం డెసిబెల్స్ హద్దులోనే ఉన్నా మంచం అదురుతుంది. ఇంగ్లండ్‌లో 1995 నాటి కచేరీల నియమావళి నగర స్టేడియాలకు ఏడాదికి మూడు రోజుల లోపైతే ఇళ్ల దగ్గర 75 డెసిబెల్స్ దాకా ఒప్పుకుంది. అంతకు మించితే పరిసరాల మామూలు శబ్దానికి 15 మాత్రమే ఎక్కువ. ఆ తక్కువ పౌనఃపున్యాల్లో 80 దాటితే ఇబ్బంది ఖాయమని కూడా అందులో ఉంది. పైకప్పు కట్టేస్తే శబ్దం ఆగుతుందనుకోవడం పొరపాటు, తేలికైన పైకప్పు రేకు ఈ లోతు శబ్దానికి పరదా లాంటిదే.

మాడ్రిడ్‌లోని బెర్నబేవ్ స్టేడియానికి కదిలే పైకప్పు, నేల కిందికి దిగి దాక్కునే గడ్డి మైదానం పెట్టింది ఏడాది పొడవునా కార్యక్రమాలు జరపడానికే. 2024లో కచేరీలు మొదలయ్యాక చుట్టుపక్కల నివాసులు శబ్దంపై ఫిర్యాదు చేశారు, సెప్టెంబరులో క్లబ్ కచేరీలన్నీ ఆపేసింది. డబ్లిన్‌లోని క్రోక్ పార్క్‌లో 2014లో అమెరికన్ గాయకుడు గార్త్ బ్రూక్స్ అయిదు రాత్రుల కచేరీకి 4 లక్షల టికెట్లు అమ్ముడయ్యాయి. నగర మండలి మూడింటికే లైసెన్సు ఇచ్చింది, ఆయన అయిదూ రద్దు చేసుకున్నాడు. టికెట్లు ముందు, లైసెన్సు తర్వాత అన్న వరసే అక్కడి తప్పు.

దీపాలదీ ఇదే దారి. రిగ్లీ ఫీల్డ్‌లో 1988 ఆగస్టు 8 దాకా పెద్ద లీగ్ రాత్రి ఆటే లేదు, పేటవాళ్ల వ్యతిరేకతతో చట్టాలే అడ్డుపడ్డాయి. తర్వాత అనుమతి వచ్చినా ఏడాదికి 18 రాత్రులని హద్దు పెట్టారు. మొదటి రాత్రి ఆట కాస్తా వానకు కొట్టుకుపోయింది. కిటికీ మీద పడే వెలుతురును లక్స్‌లో కొలుస్తారు. శివారు నివాస ప్రాంతంలో రాత్రి గడువుకు ముందు 10, తర్వాత 2 మించకూడదన్నది బ్రిటన్‌లో దీపాల ఇంజినీర్లు పాటించే హద్దు. మైదానంలోకి టీవీ కోసం 2 వేల లక్స్ పంపుతూ వంద అడుగుల దూరంలోని కిటికీలో 2కి దించాలంటే ఎత్తు స్తంభాలు తీసేసి, పైకప్పు ముందంచున కిందికి వంచిన దీపాలు పెట్టాలి. ఆట అయ్యాక ఊడ్చేవాళ్ల కోసం వేరే చిన్న దీపాల వరస ఉండాలి. ఇది మర్చిపోతే అర్ధరాత్రి చీపురు పట్టేవాడి కోసం ఫ్లడ్‌లైట్లు వెలుగుతాయి.

కాగితం మీద ఏముండాలి

అనుమతి షరతుల్లో 'నివాసులకు ఇబ్బంది కలగకుండా చూడాలి' అన్న వాక్యం ఉంటే అది ఎవరికీ పనికిరాదు. అంకెలుండాలి. ఏడాదికి ఎన్ని పెద్ద కార్యక్రమాలు, అందులో కచేరీలెన్ని, వరస రాత్రులు ఎన్ని దాటకూడదు. పని వేళలు ఏవి; ఇంగ్లండ్‌లో మామూలుగా వారం రోజుల్లో ఉదయం 8 నుంచి సాయంత్రం 6, శనివారం మధ్యాహ్నం 1 దాకా, ఆదివారం సెలవు. కంపనం 1 మి.మీ. దాటితే ఎవరికి కబురు వెళ్తుంది, ఎంత దాటితే పని ఆగుతుంది. వాననీరు ఎక్కడికి పోతుంది; 30 వేల చదరపు మీటర్ల పైకప్పు మీద గంటకు 50 మి.మీ. వాన పడితే 1,500 ఘనపు మీటర్ల నీరు, నేల కింద నిల్వ తొట్టి లేకపోతే అది వీధి కాలువలోంచి ఎవరి ఇంట్లోకో పొంగుతుంది.

ఆట అయ్యాక గంటన్నరలోపు ఏ వీధి దాకా ఊడవాలో పటం మీద గీసి ఉండాలి. క్లబ్బులు తమ గోడ దాకా గీస్తాయి, ఖాళీ సీసాలు మాత్రం స్టేషను దాకా పోతాయి. రాత్రి 11:20కి ఫోన్ చేస్తే ఎత్తే మనిషి నంబరు ప్రతి ఇంటికీ ఇవ్వాలి. ఆ మనిషి చేతిలో శబ్దం మిక్సరు దగ్గరున్నవాడితో నేరుగా మాట్లాడే వాకీటాకీ ఉండాలి, మర్నాడు ఉదయం తెరిచే ఫిర్యాదుల పెట్టె కాదు.